టిక్కునకు టిక్కునకు నడుమ: ఒక పాఠ్యగ్రంథ విమర్శ

తిరుమలగిరిలో మా విద్యార్థి యొకడు వేయి సంఖ్యలను వరుసగా పేర్చు ప్రోగ్రామును వ్రాసి, అది తీసికొను కాలమును కొలిచినాడు. పదిసార్లు నడుపగా తొమ్మిదిసార్లు సున్న, ఒకసారి సెకనులో నూరవ వంతు వచ్చినవి. "సార్, తొమ్మిదిసార్లు ఈ పనికి కాలమే పట్టలేదా?" అని అడిగినాడు. అతడు వాడిన 'టైమ్స్' అను పిలుపు, నేను చదువుమని చెప్పిన గ్రంథములోనిదే. కనుక ఆ గ్రంథమును మరల తెరచి చూడవలసి వచ్చినది.

అది మారిస్ జె. బాక్ 1986లో ప్రకటించిన 'ది డిజైన్ ఆఫ్ ది యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్'. ప్రాసెసరును, మెమొరీని ప్రోగ్రాములకు పంచిపెట్టు మూలభాగమునకు కెర్నెల్ అని పేరు. దాని లోపలి ఏర్పాటును ఇంత విశదముగా చెప్పిన పుస్తకములు అరుదు. ఎనిమిదవ అధ్యాయములో గడియారపు ప్రసక్తి వచ్చును. గడియారము సెకనుకు నియమితమైనన్నిసార్లు కెర్నెల్‌ను తట్టును. ఇది ఇంటరప్టు, వాడుకలో టిక్కు. టిక్కు వచ్చినపుడెల్ల కెర్నెల్ తన లెక్కకు ఒకటి కలుపును. ఈ వివరణ స్పష్టమైనది, ఆనాటి అవసరమునకు చాలినది. కాని రెండు టిక్కుల నడుమ కాలమును ఎట్లు చదువవలెనో గ్రంథము చెప్పదు.

మన పూర్వుల ఘటికా యంత్రమును తలచుకొనుడు. అడుగున రంధ్రముగల గిన్నె నీటిపై తేలుచు, 24 నిమిషములకు మునుగును. అది ఒక గడియ. అప్పుడు గంట కొట్టుదురు. దూరమున నున్నవానికి గంట మాత్రమే తెలియును. గిన్నె చెంత నున్నవాడు నీటిమట్టమును బట్టి గడియలో ఎంత గడచినదో చెప్పగలడు. బాక్ మనకు గంటను వినిపించెను గాని గిన్నెలోనికి చూపలేదు.

నేటి కెర్నెల్ గిన్నెలోనికి చూచును. 1993 నాటి పెంటియం మొదలుకొని ఇంటెల్ ప్రాసెసర్లలో ఎడతెగక నడచు కౌంటరొకటి కలదు. గత టిక్కునాటి సమయమును, అప్పటి కౌంటరు అంకెను కెర్నెల్ జతగా వ్రాసియుంచును. సమయమడిగినపుడు ఇప్పటి అంకెనుండి ఆ అంకెను తీసివేసి, శేషమును కాలముగా మార్చి, పాత సమయమునకు కలుపును. కౌంటరు సెకనుకు పది లక్షల అడుగులు వేయునదైనచో, 3,700 అడుగులనగా 3.7 మిల్లీసెకన్లు. చదువుచుండగా జత మారినచో మరల చదువును. లినక్సులో ఇందుకు పలు రకముల యంత్రములకు పనికివచ్చు ఉమ్మడి చట్రము 2006లో 2.6.18 కూర్పుతో వచ్చినది.

టిక్కులనే నమ్మినచో మరియొక చిక్కు కలదు. పాత పీసీలలోని టైమరు సెకనుకు 11,93,182 లెక్కలు నడచును. సెకనుకు నూరు టిక్కులు కావలెనన్న, ఒక్కొక్క దానికి 11,931.82 లెక్కలు రావలెను. భిన్నము కుదరదు గనుక 11,932 పెట్టుదురు. ప్రతి టిక్కును సరిగా 10 మిల్లీసెకన్లని కట్టినచో దినమునకు సుమారు 1.3 సెకన్లు వెనుకబడును.

అట్లని టిక్కు వ్యర్థము కాదు. పీసీలలోని 24 బిట్ల కౌంటరొకటి సెకనుకు 35,79,545 చొప్పున నడచి, సుమారు 4.7 సెకన్లకే మరల సున్నకు వచ్చును. దానిని వాడు కెర్నెల్ అంతలోపుననే మొత్తమును వ్రాసికొనవలెను. మునిగిన గిన్నెను తీసి మరల తేల్చువాడు ఉండవలెను గదా! టిక్కు కాలమును కొలుచునది కాదు, పద్దు వ్రాయునది. గ్రంథము చదివినవారికి కలుగని భావమిది.

సూక్ష్మమైనదంతయు సత్యమని గూడ భ్రమింపరాదు. నానోసెకన్ల అంకెలు కనబడినను, స్ఫటికపు వేగము ఉష్ణోగ్రతతో మారును. నెట్‌వర్కుపై నమ్మదగిన గడియారముతో పోల్చి దిద్దుకొనుచుండవలెను.

బాక్ గ్రంథమును విడువనక్కరలేదు. ఎనిమిదవ అధ్యాయము చెప్పునపుడు ఉపాధ్యాయులు ఈ ఒక్క పుటను చేర్చిన చాలును. మా విద్యార్థి 'క్లాక్ గెట్‌టైమ్' అను పిలుపుతో మరల కొలువగా, ప్రతిసారియు ఒక మిల్లీసెకను చుట్టుప్రక్కల వచ్చినది. మొదటి పది ఫలితములకు సగటు కట్టుమన్నాను. అదియు ఒక మిల్లీసెకనే! సున్నలు అబద్ధమాడలేదు, వానిని ఎట్లు చదువవలెనో మేము నేర్పలేదు.