ఎందుకైనా మంచిది

గొడుగు పట్టుకెళ్ళు, ఎందుకైనా మంచిది. జేబులో ఇంకో రెండొందలు ఉంచుకో, ఎందుకైనా మంచిది. ఊరికి బయల్దేరే వాళ్ళ సంచిలో మా అమ్మ పులిహోర పొట్లం దూర్చేదీ ఈ మాట అంటూనే. ప్రేమా అపనమ్మకమూ సగం సగం కలిసిన మాట ఇది. ఐసీటీసీలో కౌన్సెలర్‌గా చేరిన తొలి ఏడాది ఒక కుర్రాడితో నేనూ ఈ మాట అన్నాను. దాని ఖరీదు అతను ఏడాది పాటు కట్టాడు.

ఐసీటీసీ అంటే తెలియని వాళ్ళ కోసం: ప్రభుత్వాసుపత్రిలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితంగా చేసే గది. మా గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, గోడ మీద ఎర్ర రిబ్బను బొమ్మ. కండోమ్ ఎలా తొడుక్కోవాలో చూపించడానికి ఒక చెక్క నమూనా కూడా ఉంది. దాన్ని చూసి వచ్చిన వాళ్ళు బెదరకుండా బీరువాలో గుడ్డ కప్పి పెడతాను. పక్క గదిలో ల్యాబ్ టెక్నీషియన్ రక్తం తీస్తాడు. సూది గుచ్చక ముందు మాట్లాడటం, ఫలితం వచ్చాక మాట్లాడటం నా పని. 16 ఏళ్ళుగా చేస్తున్నది ఇదే.

ఆ కుర్రాడి ఆనవాళ్ళు మార్చి చెబుతున్నాను. 26 ఏళ్ళుంటాయి, హైదరాబాదులో ఉద్యోగం. సొంత ఊరి ఆసుపత్రిలోనూ ఇలాంటి గది ఉంది. కానీ తెలిసిన వాళ్ళెవరైనా చూస్తారని బస్సెక్కి రెండు ఊళ్ళు దాటి మా దగ్గరికి వచ్చాడు. లోపల ఆడమనిషి కూర్చుని ఉండటం చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. నోటితో చెప్పలేక ఓపీ చీటీ వెనక రాసి ఇచ్చాడు. ఒక్కసారి, పదకొండు రోజుల కిందట, కండోమ్ వాడాను, చిరగలేదు, నిన్నటి నుంచి జ్వరం.

సమాధానం ఆ చీటీలోనే ఉంది. మొదటి నుంచి చివరి దాకా కండోమ్ ఉంది, చిరగలేదు, జారలేదు. "హెచ్‌ఐవీ గురించి మీరు భయపడాల్సింది ఇందులో ఏమీ లేదు" అని చెప్పి ఆగిపోవాల్సింది. నాకు ఆగడం చేతకాలేదు. పరీక్ష చేయించాను. నాన్ రియాక్టివ్, అంటే నెగెటివ్ అని వచ్చింది. "ఇది మరీ తొందరగా చేసిన పరీక్ష కదా, మూడు నెలలయ్యాక ఇంకోసారి రండి, ఎందుకైనా మంచిది" అన్నాను. శిక్షణలో నేర్పిన దాని ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ అప్పటి దాకా అతని భయం అతనొక్కడిదే. ఆ మాటతో దానికి ఆసుపత్రి ముద్ర పడింది.

విండో పీరియడ్ అని మేం రోజూ వాడే మాట గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. వైరస్ ఒంట్లోకి చేరిన మర్నాడే పరీక్షలో కనిపించదు. విత్తనం వేసి తెల్లారేసరికి మట్టి తవ్వి మొలకేదని అడిగితే ఎలా? మా దగ్గర వాడే ర్యాపిడ్ కిట్లు ప్రధానంగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను పట్టుకుంటాయి. వాటికి మనిషిని బట్టి 23 నుంచి 90 రోజులు పడుతుంది. యాంటీబాడీతో పాటు వైరస్‌లోని యాంటిజెన్‌నూ వెతికే ల్యాబ్ పరీక్ష అయితే 18 నుంచి 45 రోజుల్లో తేల్చేస్తుంది. మూడు నెలల లెక్క ఆ 90 రోజుల నుంచి వచ్చిందే. అయితే అది విత్తనం పడిందేమోనన్న అనుమానం ఉన్న చేలో వేసే లెక్క. విత్తనమే పడని చేలో మూడు నెలలు కాపలా కాయమని చెప్పి పంపాను నేను.

ఏడాది తర్వాత అతను మళ్ళీ వచ్చాడు. చేతిలో ప్లాస్టిక్ ఫైలు. అందులో వరసగా ఏడు రిపోర్టులు. ఆరు వారాలది, మూడు నెలలది, ఆరు నెలలది, తర్వాత ప్రైవేటు ల్యాబుల్లో వేలు పోసి చేయించుకున్నవి. అన్నీ నెగెటివే. రిపోర్టు చేతికొచ్చిన రోజు రాత్రి హాయిగా నిద్రపోయేవాడట. నాలుగో రోజుకి మళ్ళీ మొదలు. ల్యాబ్ వాళ్ళు శాంపిల్ మార్చేశారేమో, కిట్ పాతదేమో, నా ఒంట్లో యాంటీబాడీలు తయారు కావేమో. గొంతు నొప్పి, నాలుక మీద తెల్ల పూత, చంకలో గడ్డ ఉందేమోనని రోజుకి పదిసార్లు తడుముకోవడం. తడిమీ తడిమీ చంక నిజంగానే వాచింది.

మొదటిసారి వచ్చిన జ్వరం సంగతి కూడా అంతే. హెచ్‌ఐవీ సోకిన తొలి వారాల్లో కొందరికి జ్వరం, దద్దుర్లు వచ్చే మాట నిజమే. మామూలు ఫ్లూకీ వస్తాయి, డెంగీకీ వస్తాయి. లక్షణాలు చూసి హెచ్‌ఐవీ అవునో కాదో చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. రాత్రి రెండింటికి ఫోన్‌లో వెతుక్కునే వాడి వల్ల అసలే కాదు.

కండోమ్ మీద అతనికున్న అనుమానం వేరే రకం. ఆ రోజే లాడ్జి బాత్రూములో దాన్ని నీళ్ళతో నింపి చూశాడు. చుక్క కారలేదు. "నీళ్ళు ఆగాయి సరే మేడం, వైరస్ ఇంకా చిన్నది కదా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. నీటి అణువు ముందు హెచ్‌ఐవీ కొండంత. పైగా వైరస్ తనంతట తాను ఎగిరి వెళ్ళేది కాదు, ద్రవంలో ఉండి ద్రవంతో కదిలేది. ఫ్యాక్టరీలో కండోమ్‌ని ఇనప అచ్చుకి తొడిగి కరెంటు పెట్టి రంధ్రం ఉందేమో చూస్తారు. నమూనాలు తీసి ఒక్కోదాంట్లో 300 మిల్లీలీటర్ల నీళ్ళు పోసి వేలాడదీస్తారు. ఇంకొన్నిట్లోకి గాలి కొట్టి పగిలేదాకా ఊదుతారు. ఇంత చేసి పంపిన దాన్ని మనవాళ్ళు పర్సులో పెట్టి ఆర్నెల్లు దాని మీద కూర్చుంటారు, లేదా కొబ్బరినూనె రాస్తారు. వేడికీ నూనెకీ రబ్బరు పాడైపోతుంది. కండోమ్ చిరిగితే చాలాసార్లు కారణం అదే, రబ్బరులో కంటికి కనబడని చిల్లులు కాదు.

నిజంగా చిరిగిందనుకోండి, అప్పుడు మాత్రం ఒక్క పూట కూడా ఆలోచించకూడదు. 72 గంటల లోపు ఆసుపత్రికి వెళ్తే, అవసరమని డాక్టరు అనుకుంటే 28 రోజుల మందులు మొదలుపెడతారు. ఎంత త్వరగా మొదలైతే అంత మేలు. విచిత్రం ఏమిటంటే ఆ 72 గంటల్లో వచ్చేవాళ్ళు నాకు పెద్దగా తగల్లేదు. ఏళ్ళ తరబడి ఏ రక్షణా లేకుండా తిరిగిన మనిషి టీబీ దగ్గుతో డాక్టరు బలవంతంగా పంపితే వస్తాడు, వచ్చి "నాకెందుకొస్తుందమ్మా" అంటాడు. అన్ని జాగ్రత్తలూ తీసుకున్నవాడు మాత్రం ఏడు రిపోర్టులతో వస్తాడు.

"నాకెందుకొస్తుంది" అన్న మాట వింటే మా తరానికి పులి రాజా గుర్తొస్తాడు. 2000 తర్వాతి తొలి ఏళ్ళలో రోడ్ల పక్కన పెద్ద పెద్ద బోర్డులు వెలిశాయి. పులి రాజాకి ఎయిడ్స్ వస్తుందా? అంతే, ఇంకేమీ ఉండేది కాదు. బస్సులో కాలేజీకి వెళ్తూ చదువుకుని నవ్వుకునేవాళ్ళం. మంచి ప్రచారమే. కానీ అది పుట్టిన కాలం వేరు. దేశంలో తొలి కేసులు 1986లో చెన్నైలో బయటపడితే, హెచ్‌ఐవీని అదుపులో ఉంచే ఏఆర్‌టీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ఆ మధ్య కాలమంతా మన గోడల మీద పుర్రె బొమ్మలే. ఇప్పుడు మందులు సరిగ్గా వేసుకుంటూ, రక్తంలో వైరస్ పరీక్షకు అందని స్థాయికి దిగినవాళ్ళ నుంచి లైంగికంగా ఎవరికీ సోకదు. ఇంత మారింది జబ్బు. భయం మాత్రం ఆ పుర్రె దగ్గరే ఉండిపోయింది.

ఇంకో మాట. ఇన్నేళ్ళలో ఇలా వచ్చిన కుర్రాళ్ళలో ఒక్కడు కూడా తనతో గడిపిన అమ్మాయి గురించి అడగలేదు. ఆ కండోమ్ ఆమెనూ కాపాడిందనీ, తన గురించి ఆమెకూ భయం ఉండవచ్చనీ వాళ్ళకి తట్టనే తట్టదు.

మళ్ళీ ఆ కుర్రాడి దగ్గరికి వస్తాను. ఎనిమిదో పరీక్ష చేయమన్నాడు. ఈసారి నేను పరీక్షకి చీటీ రాయకుండా, ఇంట్లో ఎలా ఉంటున్నారని అడిగాను. తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకున్నాడట. తువ్వాలు వేరే తీగ మీద ఆరేసుకుంటాడట. అక్క పురిటికి పుట్టింటికి వచ్చి వెళ్ళింది. ఆ పాపని ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. మేనమామకి పిల్ల అంటే ప్రేమ లేదని అక్క ఏడ్చిందట. ఇది చెబుతూ అతను ఏడ్చాడు. తనకి పెళ్ళి కుదిరిందన్న సంగతి ఆ తర్వాత బయటికొచ్చింది. "ఆ అమ్మాయికి చెప్పాలా మేడం?" అన్నాడు. ఏడాదిగా ఏడు ల్యాబుల్లో రక్తం ఇచ్చి అడుగుతున్న ప్రశ్న ఇదే. ఏ కిట్‌కీ దీని జవాబు తెలియదు. చెప్పాలో వద్దో నేనూ చెప్పలేదు. అది అతను తేల్చుకోవాల్సింది. తప్పు చేశానన్న బాధ వేరు, జబ్బు వేరు, రెండిటినీ ఒకే సీసాలో పట్టి ల్యాబ్‌కి పంపుతున్నావు నాయనా అన్నాను. మీరు అనడం మర్చిపోయి ఎప్పుడు నువ్వులోకి దిగానో నాకే తెలియదు.

ఎనిమిదో పరీక్ష చేయించలేదు. పరీక్ష కాదనడం మా ఉద్యోగంలో కష్టమైన పని. చేసేస్తే పది నిమిషాల్లో వెళ్ళిపోతాడు, నా రిజిస్టర్లో ఒక అంకె పెరుగుతుంది. వద్దంటే గంట కూర్చోవాలి. ఆ రోజు గంటన్నర కూర్చున్నాం. ఒక్క పని మాత్రం అప్పగించాను: ఈ ఆదివారం అక్క వాళ్ళింటికి వెళ్ళి పాపని ఎత్తుకో. మానసిక వైద్యుడి దగ్గరికి కూడా పంపాను. "నాకు పిచ్చా మేడం?" అన్నాడు. చేతులు పదేపదే కడుక్కునే వాళ్ళని చూశావా, నువ్వు రక్తం కడుక్కుంటున్నావు, దానికీ వైద్యం ఉంది అన్నాను. వెళ్ళాడు.

అప్పటి నుంచి పద్ధతి మార్చుకున్నాను. ముందు తేదీ అడుగుతాను, కండోమ్ సంగతి అడుగుతాను. ప్రమాదం ఉంటే పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో రోజు లెక్కేసి చెబుతాను, సిఫిలిస్ పరీక్ష కూడా చేయించమంటాను, ఎందుకంటే కండోమ్ కప్పని చోట చర్మం తగిలి సోకే జబ్బులు కొన్ని ఉన్నాయి. ప్రమాదం లేకపోతే లేదని చెబుతాను. అయినా పరీక్ష కావాలంటే మనశ్శాంతి కోసం ఒక్కసారి, గడువు దాటాక, ఒకే చోట. అక్కడితో సరి. "ఎందుకైనా మంచిది" అనడం మానేశాను. మా అబ్బాయికి గొడుగు ఇచ్చేటప్పుడు తప్ప.

హెచ్‌ఐవీ గురించి ఏ సందేహమున్నా 1097కి ఫోన్ చేయొచ్చు. రిపోర్టు నెగెటివ్ వచ్చాక కూడా నిద్ర పట్టకపోతే టెలీ మానస్ 14416 ఉంది. రెండూ ఉచితమే, తెలుగులో మాట్లాడొచ్చు.