గుమ్మం ముందు ఇద్దరు

తెల్ల చొక్కా, టై, జేబు మీద నల్ల పేరుబిళ్ల. మోర్మన్ అనే క్రైస్తవ శాఖ ప్రచారకులు ఎక్కడికెళ్లినా ఇద్దరిద్దరుగానే వెళ్తారు. ఈ సేవ అబ్బాయిలకు రెండేళ్లు, అమ్మాయిలకు 18 నెలలు, జీతం లేదు. బట్టలు ఉతుక్కోవడానికీ సరుకులు తెచ్చుకోవడానికీ వారంలో ఒక్కరోజు. మిగతా రోజులన్నీ పరాయి గుమ్మాల దగ్గరే. వాళ్ల మతం నాది కాదు గానీ, ఆ ఓపికంటే నాకు గౌరవం.

సమోవాలో ఉంటూ ఆ మతంలో చేరిన ఎడ్విన్ ధర్మరాజు, ఎల్సీ దంపతులు 1978లో హైదరాబాదు వచ్చి సొంత బంధువులకే బోధించారు. అయినవాళ్ల ముందు నోరు విప్పడం మరీ కష్టం!

మా తెనాలి వాళ్లకు ఇలాంటి రాకపోకలు కొత్తేమీ కాదు. పక్కనే గుంటూరులో 1842లో లూథరన్ ప్రచారకుడు హేయర్ దిగారు; 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకు వైద్యం చేస్తూ అక్కడే కన్నుమూశారు.

పరాయి దేశం నుంచి వచ్చినవాళ్లకు మొదటి పని మన మాట పట్టుకోవడమే. చెప్పులు బయట విడిచి, చాప మీద కూర్చుని, ఇచ్చిన మజ్జిగ తాగి, నాలుక మడత పెట్టాలి. "కల్లు కాదు నాయనా, కళ్లు" అని ఏ మామ్మో దిద్దితే, నొచ్చుకోకుండా మళ్లీ పలకాలి. మళ్లీ, మళ్లీ.