బిగువు నేర్పే నీలం

బట్టను కట్టి, బిగించి రంగు అద్దే జపాన్ పద్ధతి షిబోరి. అందులో నా మెప్పంతా రంగును ఆపే చేతికే. నగోయా నగరంలోని అరిమత్సులో నేటికీ ఒక్కో చుక్కనూ దారంతో బిగించి కట్టే పనివాళ్లున్నారు. ఇంట్లో చేసుకునేవారికి రెండు చెక్కముక్కలు, ఒక పైపు, గట్టి నూలుదారం చాలు. మడతపెట్టిన బట్టను చెక్కల మధ్య బిగిస్తే ఇతాజిమె. పైపుకు ఏటవాలుగా చుట్టి, దారం కట్టి, కుచ్చిళ్లు పడేలా కిందికి నొక్కితే అరాషి. గాలివాన జల్లులాంటి చారలొస్తాయి. ముందే తడిపిన బట్టను నీలిమందు తొట్టిలో బుడగలు రేగకుండా మెల్లగా ముంచాలి. పైకి తీసినప్పుడు అది లేత ఆకుపచ్చగా ఉండి, గాలి తగిలేకొద్దీ కళ్లముందే నీలంగా మారుతుంది. ఎంత చూసినా తనివి తీరదు! ముదురు రంగు కావాలంటే మళ్లీ మళ్లీ ముంచాలి, మధ్యలో గాలి తగలనివ్వాలి. కట్టు బిగువుగా ఉన్నచోట తెలుపు నిలుస్తుంది. కాస్త వదులైనచోట నీలం మెత్తగా పాకుతుంది, నాకదే మరీ ఇష్టం. పాత నూలు దుప్పటి ఇలా ఏ దుకాణంలోనూ జత దొరకని కర్టెన్ అవుతుంది.