సింకు కింద బకెట్

ఢిల్లీ కటవారియా సరాయ్‌లో సర్వే కోసం ఇంటింటికీ తిరిగిన మొదటి రోజుల్లో నా ఫారంలో ఒక ప్రశ్న ఉండేది: "నీళ్లు పొదుపుగా వాడతారా?" మూడో అంతస్తులో గేట్ పరీక్షకు చదువుతున్న నంద్యాల కుర్రాళ్లిద్దరూ "వాడతాం అక్కా" అన్నారు. ఆ మాట అంటుండగానే ఆర్‌ఓ మిషన్ పైపులోంచి నీళ్లు సన్నగా సింకులోకి పోతున్నాయి. వాళ్లు అబద్ధమాడలేదు. అవి వాళ్ల లెక్కలో నీళ్లే కావు.

పై అంతస్తులో శ్రీకాకుళం నుంచి వచ్చినావిడ "అయ్యో, అవన్నీ మాకేం తెలుసమ్మా" అంది. ఆవిడ సింకు కింద బకెట్ ఉంది. ఆర్‌ఓ వదిలేసిన నీళ్లతోనే గచ్చు తుడుస్తుంది, అంట్లు తొలిసారి తొలుస్తుంది. బియ్యం కడిగిన నీళ్లు తులసికి. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి కబాడీవాలా కోసం దాస్తుంది. నా ఫారంలో మాత్రం ఆవిడ గడి ఖాళీ.

1973లో అమెరికాలోని టూసాన్‌లో విలియం రాత్జే అనే పురావస్తు శాస్త్రవేత్త ఇళ్ల చెత్తను ఏరి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. బీరు ఎంత తాగుతారంటే జనం చెప్పినదానికన్నా బుట్టలో డబ్బాలే ఎక్కువ తేలాయి. ఆ పని గురించి ఎప్పుడో చదివాను. ఈ రెండంతస్తుల మధ్య మెట్ల మీద గాని అది నా బుర్రకెక్కలేదు. ఫారంలోని ఆ పొదుపు ప్రశ్న కొట్టేశాను. ఇప్పుడు "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశారో చెప్పండి" అంటాను. చెబుతున్నంతసేపూ గిన్నెల వైపు చూస్తాను.

కుర్రాళ్ల దగ్గరికి మళ్లీ వెళ్లాను. మంచినీళ్లు లీటరు సీసా నిండేసరికి పక్కన పట్టిన వృథా నీళ్లు మూడు సీసాలు దాటాయి. నమ్మకం కుదరక చిన్నవాడు మళ్లీ కొలిచాడు. బకెట్ పెట్టుకోవచ్చుగా అనబోయి ఆగాను. సింకు కింద గ్యాస్ బండ. రెండు మంచాల మధ్య మనిషి పక్కకు తిరిగి నడవాలి. ఐఐటీకీ జేఎన్‌యూకీ నడుమ ఈ సందుల్లో చాలా గదులు ఇంతే. అలవాటు లేదని రాసుకునే ముందు దానికి చోటుందా అని నేను చూడలేదు. ఆ తప్పు నాది.

మెట్ల మలుపులో డ్రమ్ము పెట్టుకుంటే నలుగురూ వాడుకోవచ్చనే ఆలోచన వాళ్లదే. అసలు ఆర్‌ఓ కావాలా అన్న మాట వచ్చి, లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు లవణాలున్నచోట ఆర్‌ఓలు వద్దని 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ చెప్పిన సంగతి నేను చెప్పాను. "మరి మా నీళ్లలో ఎంతుంది అక్కా?" అన్నాడు పెద్దవాడు. ఈ ఆదివారం ఆ లవణాలు కొలిచే టీడీఎస్ మీటర్ తీసుకెళ్తున్నాను. అదే రోజు అద్దె ఇస్తూ ఇంటాయన్ని డ్రమ్ము గురించి అడుగుతారట. నన్నూ పక్కన ఉండమన్నారు.