సూదిచేప ఎర: కొక్కెముల స్థానము, తూకము

పల్నాడు జిల్లాలోని ఈపూరు సముద్రమునకు దూరమైన ఊరు. అయినను చెరువుగట్టున గాలము వేయుట ఆ ప్రాంతపు విద్యార్థులకు కొత్త కాదు. కర్రకు దారము, దారమునకు బెండు, దాని దిగువ చిన్న సీసపు గుండు, కొనకు కొక్కెము, కొక్కెమునకు ఎర. గాలమనగా ఇంతే. ఇందులో ఒక్కొక్క పనిని ఒక్కొక్క వస్తువు చేయుచున్నది. తేల్చునది బెండు, ముంచునది సీసము, ఆశ చూపునది ఎర, పట్టునది కొక్కెము. కొక్కెము కొంచెము బరువైనచో పెద్ద బెండు కట్టిన చాలును. తక్కిన వాటికి చిక్కు రాదు.

ఈ నాలుగు పనులను ఒకే కొయ్యముక్కకు అప్పగించినచో ఏమగును? సూదిచేప ఎర అటువంటి సాధనము. అమెరికా అట్లాంటిక్ తీరమున అలల అంచున నిలిచి, చారల బాస్ అను పెద్ద చేప కొరకు దీనిని దూరముగా విసరుదురు. ఇది సన్నగా, పొడుగుగా, సూదిచేపవలె ఉండును. సాధారణముగా కడుపు క్రింద మూడు ముళ్ల కొక్కెమొకటి, తోకకు మరియొకటి వ్రేలాడును. అనేక కృత్రిమపు ఎరలకు మూతి వద్ద నీటిని కోయు రేకు ఉండును. లాగినప్పుడు అవి అటునిటు ఊగును. సూదిచేప ఎరకు ఆ రేకు లేదు. అది ఊగదు, కులుకదు, తిన్నగా సాగును. కనుక దాని గుణమంతయు నిలుకడలోనే ఉన్నది.

ఇట్టి ఎరను చూచువారి దృష్టి మొదట రూపము మీదను, రంగు మీదను పడును. కొక్కెములను చివర తగిలించు పరికరములుగా తలచుట సహజము. ఈ తలపే పొరపాటు. కొక్కెము ముల్లు మాత్రమే కాదు, బరువు కూడ. ఆ బరువు ఎక్కడ ఉన్నదో చూడక ఎర మంచిచెడ్డలు చెప్పుట సాధ్యము కాదు.

ఒక లెక్క వేసి చూడవచ్చును. ఎర పొడవు 18 సెంటీమీటర్లు, కొయ్య బరువు 34 గ్రాములు, ఘనపరిమాణము 40 ఘన సెంటీమీటర్లు అనుకొందురు గాక. కొయ్య అంతటను ఒకే తీరుగా ఉన్నచో దాని గురుత్వకేంద్రము నడుమ ఉండును. మంచినీటిలో పూర్తిగా మునిగినప్పుడు అది 40 గ్రాముల నీటిని తొలగించును. కనుక 6 గ్రాముల బలముతో పైకి లేవజూచును. దానికి 4 గ్రాముల ఉక్కు కొక్కెములు రెండు తగిలించినారు. ఉక్కు నీటికన్న దాదాపు 7.8 రెట్లు సాంద్రమైనది. అందుచేత నీటిలో ఒక్కొక్క కొక్కెము సుమారు 3.5 గ్రాములు తూగును. రెండును కలిసి 7 గ్రాములు క్రిందికి లాగును. మిగిలినది 1 గ్రాము. ఎర మెల్లగా మునుగును.

మునుగునా తేలునా అను ప్రశ్నకు ఇది సమాధానము. ఏ భంగిమలో మునుగునో ఇంకను తెలియలేదు. మొదటి కొక్కెము నడుమ నుండి తలవైపు 4 సెంటీమీటర్ల దూరమున, రెండవది తోకవైపు 8 సెంటీమీటర్ల దూరమున ఉన్నదనుకొన్నచో, తలవైపు భ్రామకము 14, తోకవైపు భ్రామకము 28 గ్రాము-సెంటీమీటర్లు. తేడా 14. తోక క్రిందికి వాలును. వేగముగా లాగినప్పుడు ఈ వాలు కొంత కప్పబడును. మెల్లగా లాగినప్పుడు, ఆపినప్పుడు బయటపడును. ఈ ఎరను మెల్లగా లాగుటే పరిపాటి గనుక లోపము దాగదు.

దీనిని సరిచేయుటకు మూడు దారులు కలవు. మొదటిది, తలవైపు 7 సెంటీమీటర్ల దూరమున కొయ్యలో 2 గ్రాముల సీసము పొదుగుట. 14కు 14 సరిపోయి ఎర అడ్డముగా నిలుచును. కాని మునిగించు బరువు 1 గ్రాము నుండి 3 గ్రాములకు పెరిగినది. లోతు తక్కువైన ఒడ్డున అది ఇసుకను తాకును.

రెండవది, ముందు కొక్కెమును కూడ 8 సెంటీమీటర్ల దూరమునకు జరుపుట. బరువు పెరుగదు, తూకము కుదురును. కాని కొక్కెము మూతి దగ్గరకు చేరినది. విసరినప్పుడు అది దారమునే పట్టుకొనును. పైగా రెండు కొక్కెముల నడుమ 16 సెంటీమీటర్ల కొయ్య వట్టిది. అక్కడ కరచిన చేప చిక్కదు.

మూడవది, తోకకు మూడు ముళ్ల కొక్కెము తీసివేసి 2 గ్రాముల ఒంటిముల్లు కొక్కెము పెట్టుట. నీటిలో దాని తూకము సుమారు 1.75 గ్రాములు. దానిని 8తో గుణించిన 14. తలవైపు కూడ 14. సీసము అక్కర లేకయే ఎర సమముగా నిలిచినది. కాని ఇప్పుడు క్రిందికి లాగు బలము 5.25 గ్రాములే, పైకి లేపునది 6 గ్రాములు. మునుగు ఎర తేలు ఎర అయినది.

ప్రతి దిద్దుబాటునకు ఒక వెల ఉన్నది. ఈ వెల చెప్పనిదే విమర్శ పూర్తి కాదు.

మరియొక చిక్కు గాలిలో ఉన్నది. విసరినప్పుడు దారము మూతికి కట్టి ఉండును గనుక ఎర తోక ముందుగా పోవును. తోక బరువైనచో అది పల్టీలు కొట్టక దూరము పోవును. నీటిలో దోషమైనది గాలిలో గుణమగుచున్నది! కనుక తోకబరువు ఎరను చూచి తప్పు చేసినారనుట తొందరపాటు. దూరము కొరకు తెలిసి ఒప్పుకొన్న వాలు వేరు. లెక్క చూడక వచ్చిన వాలు వేరు.

కొక్కెములు కడుపు క్రింద వ్రేలాడుట వలన మేలు కూడ కలదు. పూర్తిగా మునిగిన వస్తువు స్థిరముగా నిలువవలెనన్న దాని గురుత్వకేంద్రము ప్లవనకేంద్రమునకు దిగువ ఉండవలెను. క్రింది కొక్కెము గురుత్వకేంద్రమును దించి, ఎర పొర్లకుండ కాపాడును. అదే కొక్కెము ప్రక్కకు తగిలించినచో ఈ రక్షణ పోవును. కొక్కెముల మధ్య ఎడము కూడ చూడవలెను. రెండును ఊగినప్పుడు ఒకదానికొకటి అందినచో చిక్కుపడి రెండును పనికిరావు.

మంచినీటికి కుదిరిన తూకము సముద్రములో నిలుచునా? సముద్రజలపు సాంద్రత సుమారు 1.025. మొదట చెప్పిన ఎర అక్కడ 41 గ్రాముల నీటిని తొలగించును. కొయ్య 7 గ్రాముల బలముతో లేచును. కొక్కెముల తూకము కూడ 7 గ్రాములకు కొంచెము తక్కువ. చెరువులో మునిగిన ఎర కడలిలో దాదాపు ఉన్నచోటనే నిలుచును. బాపట్ల దగ్గర సూర్యలంక తీరమున లెక్క మరల కొంత మారవచ్చును. వానకాలములో నదులు తెచ్చు మంచినీటి వలన బంగాళాఖాతపు పైనీటిలో ఉప్పు తగ్గును. ఎర ఒకటే; నీరు మారినది.

ఉపాధ్యాయులు గమనింపదగిన విషయము ఇందులో ఉన్నది. తేలు వస్తువుల పాఠము తరచుగా ఆర్కిమిడీస్ సూత్రముతో ముగియును. తొలగిన నీటి బరువెంత? వస్తువు తేలునా, మునుగునా? ఇంతటితో సరి. కాని ఆర్కిమిడీస్ అక్కడ ఆగలేదు. తేలు వస్తువులను గూర్చి ఆయన రచించిన గ్రంథమున రెండు భాగములు కలవు. సూత్రము మొదటి భాగములోనిది. పరవలయాకారపు ఘనవస్తువు ఏ వంపున తేలి నిలుకడ పొందునో రెండవ భాగము విచారించినది. ఆ గ్రంథపు గ్రీకు మూలము చాల కాలము కనబడలేదు. 1906లో హైబర్గ్ అను పండితుడు కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక పాత ప్రార్థన గ్రంథపు తోలుపుటలలో, చెరిపివేసిన వ్రాత క్రింద దానిని గుర్తించినాడు. మొదటి భాగము మాత్రమే చెప్పిన తరగతి గ్రంథములో సగము విడిచినట్లే. ‘తేలునా’ అను ప్రశ్న వెనువెంట ‘ఎట్లు నిలుచును’ అను ప్రశ్న రావలెను.

దీనికి కొక్కెములు అక్కర లేదు. పిల్లల చేతికి వాడి ముళ్లు ఈయరాదు. జొన్నకు పేరుపడిన పల్నాట జొన్నబెండు దొరకుట కష్టము కాదు. జానెడు బెండుకు నీరు పీల్చకుండ మైనము పూసి, సన్నని ఇనుపతీగ చుట్టలు రెండు తొడిగి, తొట్టిలో వదలవలెను. ఒక చుట్టను నడుమ నుండి నాలుగు అంగుళముల దూరమునను, దానికి రెట్టింపు బరువుగల చుట్టను అవతలి వైపు రెండు అంగుళముల దూరమునను ఉంచినచో బెండు సమముగా నిలుచును. చుట్టను కొంచెము జరిపిన వాలును. తరువాత బెండు మెల్లగా మునుగునంత వరకు తీగ చుట్టి, లీటరు నీటికి 35 గ్రాముల చొప్పున ఉప్పు కలిపి చూడవలెను.

ఇక తీర్పు. తీరమున లోతు తక్కువైనచో మూడవ దారి మేలైనదిగా తోచును. అందు ఆరు ముళ్లకు బదులు నాలుగే ఉండును. చిన్న చేపను తిరిగి నీటిలో వదలదలచినవారికి ముల్లు ఊడదీయుట సులువు, చేపకు గాయమును తక్కువ. లోతైన నీట, బలమైన ప్రవాహమున సీసము పొదిగిన ఎరయే తగినది. ఏది చేసినను కొయ్యను చెక్కకముందే కొక్కెమును తూచవలెను. చెక్కిన పిదప తగిలించిన కొక్కెము ఎర స్వభావమునే మార్చివేయును.