విశ్వాసానికి కొలత

“గంజి కోసం మతం మారారు.” ఒంగోలు మాదిగ క్రైస్తవుల మీద ఈ నింద పాతదే. 1876–78 కరువు చివర్లో, 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. కానీ యర్రగుంట్ల పేరయ్య తీసుకున్నది 1866లోనే! కరువు పని నడిచినన్నాళ్లూ జాన్ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపాడని 1914లో అచ్చయిన ఆయన స్వీయకథే చెబుతుంది. అయితే ఆ కథ దొర నోట నడుస్తుంది. మనం మాదిగల వైపు నుంచి చదవాలి. జాతరకు డప్పు కొట్టం, ఆదివారం పనికి రాం అన్నందుకు వాళ్లు ఊరి పెద్దల కక్షకు గురయ్యారు. ఏం దొరికిందన్నది కాదు, దేన్ని కాదన్నారన్నదే విశ్వాసానికి కొలత. మరి మాల చర్చి, మాదిగ చర్చి అని విడివిడిగా మోకరిల్లుతున్న మనం ఇవాళ దేన్ని కాదంటున్నట్టు?