ముందుచక్రముల షాక్ అబ్సార్బరు: పాఠ్యపుస్తకములోని ఒక లెక్కపై విమర్శ

శాంతిపురము నుండి కుప్పము పోవు దారిలో స్పీడు బ్రేకరు దాటు కార్లను కొంతసేపు గమనించినచో ఒక భేదము తెలియును. ఒక కారు ముందుభాగము ఒకసారి లేచి, ఒకసారి దిగి, కుదుటపడును. మరియొకటి దాటిపోయిన తరువాత కూడ గంగిరెద్దువలె మూడు నాలుగు సార్లు తల ఊపుచునే ఉండును. ఈ రెండవ కారు యజమాని మెకానిక్ షెడ్డునకు పోయి విచారించినచో రెండు విధములైన సలహాలు దొరకును. షాక్ అబ్సార్బర్లు ఎంత గట్టివైతే అంత మంచిదని ఒకరందురు. డ్రాగ్ పందెపు కార్లకు వేయు రకము వేయించినచో బండి ఎగిరి దూకునని మరియొకరందురు. ఈ మాటలలో నిజమెంతో తేల్చుటకు ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రము చాలును. కాని ఆ శాస్త్రమును నేర్పు పుస్తకము విద్యార్థిని ఇందుకు సిద్ధపరచినదా అనునది ఆలోచింపదగిన ప్రశ్న.

ఎన్.సి.ఇ.ఆర్.టి. ప్రచురించిన 11వ తరగతి భౌతికశాస్త్ర పుస్తకములో, డోలనముల అధ్యాయము చివర, ఈ విషయమునకు సంబంధించిన లెక్క ఒకటి చాల సంవత్సరములు ఉండెను. వాహనము ద్రవ్యరాశి 3,000 కిలోగ్రాములు. ఒక్కొక్క చక్రముపై 750 కిలోగ్రాములు. ఆ బరువునకు స్ప్రింగులు 15 సెంటీమీటర్లు కుంగును. ఒక పూర్తి డోలనములో కంపన పరిమితి సగమునకు తగ్గును. స్ప్రింగు స్థిరాంకమును, అవరోధ స్థిరాంకమును కనుగొనవలెను.

ఈ లెక్కలోని సుగుణమును ముందుగా చెప్పవలెను. స్ప్రింగు స్థిరాంకము సుమారు మీటరుకు 50,000 న్యూటన్లు వచ్చును. ఆవర్తన కాలము 0.77 సెకను. అనగా బండి సెకనుకు 1.3 సార్లు ఊగును. రోడ్డుపై తిరుగు కార్లు నిజముగా సెకనుకు ఒకటి, ఒకటిన్నర సార్ల ప్రాంతముననే ఊగును. ఘర్షణలేని బల్లపై ఊహామాత్రపు దిమ్మెలతో విసిగిన విద్యార్థికి ఈ లెక్క వీధిలోని బండిని చూపినది.

లోపము రెండవ భాగములో కలదు. పరిమితి సగమగుటనుబట్టి అవరోధ స్థిరాంకము సెకనుకు సుమారు 1,350 కిలోగ్రాములని తేలును. పుస్తకము అంతటితో ఆగినది. ఈ సంఖ్య ఎక్కువా, తక్కువా? దీనిని తెలుపు కొలబద్ద సందిగ్ధావరోధము. బండిని ఒక్కసారి కూడ అటునిటు ఊగనీయక, వీలైనంత త్వరగా యథాస్థానమునకు చేర్చు అవరోధమే అది. స్ప్రింగు స్థిరాంకమును ద్రవ్యరాశిచే గుణించి, వర్గమూలము కట్టి, రెట్టింపు చేసినచో అది లభించును. ఈ బండికి దాని విలువ సుమారు 12,250. లెక్కలోని 1,350 అందులో తొమ్మిదవ వంతు మాత్రమే, అనగా 0.11. సామాన్యమైన కార్లలో ఈ నిష్పత్తి 0.2 నుండి 0.4 వరకు ఉండును. కావున పుస్తకములోని వాహనము ఆరోగ్యముగా ఉన్నది కాదు. అది షాక్ అబ్సార్బర్లు అరిగిపోయి, షెడ్డునకు పోవలసిన బండి!

ఇది కేవలము సౌఖ్యమునకు సంబంధించిన విషయము కాదు. ముందుభాగము 5 సెంటీమీటర్లు పైకి లేచినపుడు స్ప్రింగు బలము 2,500 న్యూటన్లు తగ్గును. చక్రముపై ఉండు 7,500లో అది మూడవ వంతు. టైరు రోడ్డును పట్టు పట్టు కూడ సుమారు ఆ మేరకే తగ్గును. లెక్కలోని బండిలో ఒక డోలనము తరువాత కూడ ఈ నష్టము ఆరవ వంతు మిగులును. నిష్పత్తి 0.3 ఉన్న బండిలో పరిమితి ఒక్క డోలనములోనే 14 శాతమునకు దిగును. నష్టము ఇరువదవ వంతునకు మించదు. సరిగా ఆ క్షణముననే రోడ్డుకు అడ్డముగా పశువు వచ్చి బ్రేకు వేయవలసి వచ్చినచో, ఈ భేదమే ప్రమాదమును తెచ్చుటకు గాని, తప్పించుటకు గాని కారణము కావచ్చును. విద్యార్థి ఈ లెక్కకు పూర్తి మార్కులు తెచ్చుకొనియు, ఆ బండి ఎక్కదగినది కాదని తెలిసికొనలేకపోవుట విచారకరము. "ఈ వాహనము రోడ్డుకు తగినదా?" అను ఒక్క ప్రశ్న చేర్చినచో లోపము సుగుణమైయుండెడిది.

ఎంత గట్టివైతే అంత మంచిదను మాట కూడ ఇక్కడనే తేలిపోవును. షాక్ అబ్సార్బరులోని నూనె ఇరుకైన రంధ్రముల గుండా పోవునపుడు పుట్టు ఎదురుబలము, కదలిక వేగముతోపాటు పెరుగును. నిష్పత్తి మితిమీరినచో, చక్రము మిట్టను వేగముగా తాకినపుడు ఆ దెబ్బ నేరుగా బండి శరీరమునకు చేరును. గుంత వచ్చినపుడు చక్రము త్వరగా దిగి నేలను అందుకొనలేదు. నిజమునకు అదరును తీసికొనునది స్ప్రింగు; ఆ శక్తిని ఉష్ణముగా మార్చి ఊగును అణచునది షాక్ అబ్సార్బరు. పేరే పొరపాటు పేరు. స్ప్రింగులు లేని ఎడ్లబండికి అది అక్కరలేకపోవుటకు కారణమిదే. మదనపల్లి టమోటా లారీలకు ఉండు కమాను కట్టలలో పట్టీలు ఒకదానిపై ఒకటి రాసికొనుట వలన కొంత అవరోధము దానంతట అదే కలుగును.

లెక్కలోని మరియొక లోపము, అవరోధమును ఒకే స్థిరాంకముగా చూపుట. నిజమైన షాక్ అబ్సార్బరు నొక్కుకొనునపుడు ఒక విధముగను, సాగునపుడు మరియొక విధముగను అడ్డగించును. సామాన్యమైన కార్లలో సాగునపుడు అడ్డగింపు ఎక్కువ. నొక్కుకొనునపుడు స్ప్రింగు కూడ ఎదురునిలుచును; సాగునపుడు స్ప్రింగులో దాగిన శక్తియే బండిని పైకి విసరును. దానిని ఆపవలసిన భారము నూనెపైననే పడును.

డ్రాగ్ పందెములో ఈ ఏర్పాటును తలక్రిందులు చేయుదురు. ఈ పందెము నిలిచిన చోటు నుండి తిన్నని దారిలో, వాడుకగా 402 మీటర్లు, అనగా పావు మైలు. అమెరికాలో దీనిని నడుపు జాతీయ హాట్ రాడ్ సంఘము 1951లో ఏర్పడినది. ఈ కార్ల ముందుచక్రములకు '90/10' రకము వాడుట కలదు. మొత్తము అడ్డగింపులో 90 వంతులు నొక్కుకొనునపుడు, 10 వంతులు మాత్రమే సాగునపుడు అని దీని భావము. బండి బయలుదేరగానే ముక్కు సులభముగా లేచును, మెల్లగా దిగును.

దీని వలన బరువంతయు వెనుక చక్రములపైకి పోవునని చెప్పుట అతిశయోక్తి. బదిలీ అగు భారము = ద్రవ్యరాశి × త్వరణము × గరిమనాభి ఎత్తు ÷ ముందు వెనుక ఇరుసుల మధ్య దూరము. 1,200 కిలోగ్రాముల కారు, సెకనుకు సెకనుకు 5 మీటర్ల త్వరణము, 0.5 మీటరు ఎత్తు, 2.5 మీటర్ల దూరము అయినచో 1,200 న్యూటన్లు వెనుకకు పోవును. ఈ సూత్రములో షాక్ అబ్సార్బరు పేరే లేదు. అది మార్చునది ఆ బదిలీ జరుగు తీరును, మరియు ముక్కు లేచుటచే గరిమనాభి పొందు కొద్దిపాటి ఎత్తును మాత్రమే. 3 సెంటీమీటర్లు లేచినచో లాభము 72 న్యూటన్లు. సెకనులో నూరవ వంతును లెక్కించు పందెమునకు అది విలువైనదే. కాని ఈ లాభమైనను ఇంజను వెనుక చక్రములను త్రిప్పు కార్లకే. మన వీధులలోని చిన్న కార్లలో చాలవరకు ముందుచక్రములే బండిని లాగును. వాటికి ముక్కు లేచుట నష్టమే. పైగా వరుస గుంతల దారిలో, సులభముగా లేచి కష్టముగా దిగు ముక్కు అంతకంతకు పైకి ఎక్కి, స్టీరింగు పట్టు సడలును.

ఇంత విషయమునకు ద్వారము తెరువగల ఆ లెక్కను సవరించుటకు మారుగా, 2022-23 నాటి పాఠ్యాంశముల కుదింపులో అవరుద్ధ డోలనముల విభాగమునే తొలగించిరి. ఆ లెక్కయు దానితోపాటే పోయినది. మిగిలినది ఎన్నటికిని ఆగక ఊగు స్ప్రింగు మాత్రమే. అట్టి స్ప్రింగు పుంగనూరులో గాని, ప్రపంచములో మరెక్కడ గాని లేదు. విద్యార్థుల భారము తగ్గించుట మంచి ఉద్దేశమే. కాని చేతికి అందు విషయమును తీసివేసి, ఊహకు మాత్రమే అందు విషయమును ఉంచుట భారమును తగ్గించుట కాదు.

ఈ కొరతను ఉన్నత పాఠశాల ఉపాధ్యాయుడు కొంతవరకు తీర్చవచ్చును. ఒక స్ప్రింగునకు చిన్న రాయి కట్టి, దానిని గాలిలో, నీటిలో, ఆముదములో ఊగనిచ్చి, నిలుచువరకు ఎన్ని ఊగులో లెక్కింపజేయవలెను. నిలిపి ఉంచిన కారు ముందు మూలను క్రిందికి నొక్కి వదలి, అది ఎన్నిసార్లు ఊగునో చూపవలెను. ఒక్కసారి లేచి కుదుటపడినచో మేలు. మూడు సార్లు ఊగినచో అది పాత పుస్తకములోని బండియే. అప్పుడు వేయవలసినవి గట్టివియు కావు, పందెపువియు కావు. ఆ కారునకు తయారుచేసినవారు నిర్ణయించిన రకమును, రెండు ప్రక్కల ఒకేసారి వేయించుట ఉచితము. ఈ మాత్రము తీర్పు చెప్పగలిగిన విద్యార్థికి ఆ అధ్యాయము వచ్చినట్లే.